పెరటి కోడి గుడ్డుకు గట్టి పెంకు రావాలంటే ఏం చేయాలి?

గట్టి పెంకు లేని తోలుగుడ్డు కనబడగానే చాలామంది చేసే మొదటి పని, తాంబూలం పళ్లెంలోని సున్నం తీసి కోళ్ల నీళ్లలో కలపడం. సున్నం కోడి నోటిని, గొంతును కాలుస్తుంది. నీళ్ల రుచి మారితే కోడి తాగడం తగ్గించేస్తుంది. నీళ్లు తాగని కోడి అసలు గుడ్డే పెట్టదు. సున్నం జోలికి పోకండి.

కావలసినవి మూడే: గుడ్లు పెట్టే కోళ్ల కోసం కాల్షియం ఎక్కువగా కలిపి చేసే లేయర్ దాణా, షెల్ గ్రిట్ అనే ఆల్చిప్పల నలుసులు, ఒక మట్టి మూకుడు. మూకుడు మట్టిదే ఉండాలి. ప్లాస్టిక్ గిన్నె పెడితే కోడి అంచు మీద కాలేసి బోర్లించేస్తుంది.

ముందు మేత సరిచేయండి. గుడ్లు పెట్టే కోళ్లకు లేయర్ దాణాయే ప్రధానం. నూకలు, తవుడు చిరుతిండిగా చాలు. తవుడు ఎక్కువైతే అందులోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. గుడ్డుకు రాని పెట్టలకు మాత్రం లేయర్ దాణా వద్దు, అందులోని ఎక్కువ కాల్షియంతో వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక అందరూ తప్పు చేసేది గ్రిట్ దగ్గరే. ఒక్కో పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు కట్టడానికి 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం కోడి గూట్లో నిద్రపోయే వేళే. పొద్దున పెట్టిన మెత్తటి పొడి రాత్రికల్లా కడుపు దాటిపోతుంది. అప్పుడు కోడి తన ఎముకల్లోంచి కాల్షియం తీసి వాడుకుంటుంది. పెసరబద్దంత నలుసులైతే కందనకాయలో ఉండిపోయి రాత్రంతా మెల్లగా కరుగుతాయి. అందుకే గ్రిట్ సాయంత్రం నాలుగింటికి పెట్టాలి. పొడి కాదు, నలుసులే పెట్టాలి.

దాణాలో కలపకండి. ఎంత కావాలో కోడికే తెలుసు. గుడ్డు పెట్టే పెట్ట మూకుడు దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, పుంజు ఒకసారి ముక్కుతో కదిపి వెళ్లిపోతుంది. కలిపితే పుంజు కూడా అక్కర్లేని కాల్షియం మింగాల్సి వస్తుంది.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఒకసారి కొట్లో 'గ్రిట్' అని అడిగితే రాతి నలుసులు కట్టిచ్చారు. నెల రోజులు అవే పెట్టాను, గుడ్లు మాత్రం ముట్టుకుంటే చిట్లిపోయేవి. రాతి నలుసులు కందనకాయలో మేత నలగడానికే పనికొస్తాయి, కరగవు. ఇప్పుడు కొట్లోనే నాలుగు నలుసుల మీద నిమ్మరసం పిండి చూస్తాను. సన్న బుడగలు లేస్తే గుల్ల, లేవకపోతే రాయి. కొట్టువాడు నవ్వుతాడు, నవ్వనీ.

గ్రిట్ దొరక్కపోతే ఇంట్లో గుడ్డు పెంకులు పెనం మీద వేయించి, దంచి పెట్టొచ్చు. సగం చిప్పలు అలాగే విసిరితే కోళ్లు గుడ్లు పొడుచుకు తినడం మరుగుతాయి, ఆ అలవాటు మాన్పించడం బ్రహ్మతరం కాదు.

మే ఎండల్లో ఎంత గ్రిట్ పెట్టినా పెంకు పలచబడుతుంది. కోడి రొప్పుతున్నప్పుడు బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, పెంకుకు కావాల్సిన కార్బొనేట్ రక్తంలో తగ్గిపోతుంది. అప్పుడు కావాల్సింది చెట్టు నీడ, రెండు పూటలా మార్చిన కుండ నీళ్లు.

కొత్త పెట్ట మొదటి గుడ్లు మెత్తగా వచ్చినా, ముసలి పెట్ట పెద్ద గుడ్డుకు పలచటి పెంకు వచ్చినా టెన్షన్ పడొద్దు. కోళ్లన్నీ ఒక్కసారే ముడతల గుడ్లు పెడుతూ, తుమ్ముతూ, గురక తీస్తుంటే మాత్రం అది రోగం. మూకుడు సంగతి తర్వాత, ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించండి.