టాంకు మోడల్‌పై శీతాకాలపు తెలుపు చెడిందా? ఏ లక్షణానికి ఏం కారణం, ఏం చెయ్యాలి

శీతాకాలపు తెలుపు అంటే చాలావరకు, మంచు పడ్డాక ఉన్న రంగు మీదే సిబ్బంది చేతికందిన బ్రష్‌తో పూసుకున్న వెల్ల. 1941-42 చలికాలంలో జర్మన్ టాంకుల మీద అది ముదురు బూడిద రంగు (ఆర్ఏఎల్ రంగుల పట్టికలో 7021) పైన పడింది, సోవియట్ టాంకుల మీద 4బీఓ అనే ఆకుపచ్చ పైన. రాపిడికి, తడికి పోతూ ఉండేది, చలి తగ్గాక కడిగేసేవాళ్లు. మోడల్ మీద కూడా మనం చేసేది అదే: కింద బేస్ రంగు, దాన్ని కాపాడే వార్నిష్, ఆపైన హెయిర్‌స్ప్రే (నీళ్లు తగిలితే కరిగి పైన తెలుపుని వదిలేసే పొర), చివర్న తెలుపు. అందుకే తెలుపులో ఏ తేడా కనిపించినా ముందు దాని కింద పొరని అనుమానించండి.

సమస్య: నీళ్లు పెట్టి రుద్దినా తెలుపు ఊడటం లేదు

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే. తెలుపుని ల్యాకర్ థిన్నర్‌తో కలిపి ఉంటే అది హెయిర్‌స్ప్రేని కరిగించుకుని కింద పొరని గట్టిగా పట్టేసుకుంటుంది, ఇక నీళ్లకి లొంగదు. తెలుపు మరీ మందంగా పడినా, రాత్రి వేసి మర్నాడు రుద్దడం మొదలుపెట్టినా ఫలితం అంతే. టమియా ఎక్స్ఎఫ్-2 లాంటి అక్రిలిక్ తెలుపుని నీళ్లతో గానీ దాని సొంత అక్రిలిక్ థిన్నర్‌తో గానీ పల్చన చేసి పొగలా పలచగా కొట్టండి, చేతికి అంటనంత ఆరగానే, అంటే ఓ అరగంట నుంచి గంటలోపే, చిప్పింగ్ (తడిపి రుద్ది తెలుపుని అక్కడక్కడా రాల్చడం) మొదలుపెట్టండి.

ఇప్పటికే గట్టిపడిపోతే? గోరువెచ్చని నీళ్లతో ఆ చోటుని ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంచి, పొట్టిగా కత్తిరించిన గట్టి బ్రష్‌తో నెమ్మదిగా పొడవండి. అంచుల దగ్గర టూత్‌పిక్ బాగా పనిచేస్తుంది. అప్పటికీ కదలకపోతే బలం పెంచకండి, కింద రంగు పోతుంది. దాని బదులు బేస్ రంగునే చిన్న స్పాంజి ముక్కతో తెలుపు పైన అక్కడక్కడా అద్దండి. చూసేవాళ్లకి తెలుపు రాలి కింద రంగు బయటపడినట్టే ఉంటుంది, నిజానికి సన్నటి గీతలకి ఈ పద్ధతే నాకు ఎక్కువ నచ్చుతుంది.

సమస్య: పెచ్చులు పెచ్చులుగా లేచిపోతోంది

వలేహో మోడల్ కలర్ లాంటి రంగులు ఆరాక ఒక సాగే పొరలా తయారవుతాయి, తడిసిన చోట ఆ పొర ముక్కలుగా లేచి వస్తుంది. హెయిర్‌స్ప్రే ఎక్కువైనా ఇంతే, పైగా తెలుపు నెర్రెలు కూడా ఇస్తుంది. రెండు పలుచటి పొరలు చాలు. నీళ్లు కూడా పోయక్కర్లేదు, బ్రష్ తడిగా ఉంటే సరిపోతుంది, ఒక్కో చిన్న ప్యానెల్ చొప్పున చెయ్యండి.

సమస్య: తెలుపుతో పాటు బేస్ రంగు కూడా వచ్చేసి ప్లాస్టిక్ కనిపిస్తోంది

ప్రైమర్ (రంగు ప్లాస్టిక్‌ని పట్టుకునేలా ముందు వేసే పొర) లేదు, లేదా బేస్ రంగు పూర్తిగా ఆరలేదు, లేదా మధ్యలో వార్నిష్ మానేశారు. బేస్‌ని ఒక రోజు ఆరనిచ్చి, సాటిన్ వార్నిష్ కొట్టి, అది కూడా ఆరాకే హెయిర్‌స్ప్రే. పోయిన చోట్ల బేస్ రంగుని బ్రష్‌తో సరిచేస్తే చాలు, మొత్తం తీసేయక్కర్లేదు.

సమస్య: తెలుపు గరుకుగా, పొడి చల్లినట్టు ఉంది

రంగు మోడల్‌ని చేరేలోపే గాల్లో ఆరిపోతోంది. తెలుపులో ఇది ఇట్టే కనిపిస్తుంది. ఎయిర్‌బ్రష్‌ని ఇంకాస్త దగ్గరికి తెచ్చి, ప్రెషర్ 15 పీఎస్ఐ చుట్టుపక్కలకి తగ్గించి, రంగుని ఇంకొంచెం పల్చన చేసి, రంగు త్వరగా ఆరకుండా చూసే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి. మరీ పల్చనైతే సాలెపురుగు కాళ్లలా పాకుతుంది, కాబట్టి ముందు పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద చూసుకోండి.

సమస్య: వాష్ వేశాక తెలుపంతా మురికి మరకలైంది

మ్యాట్ తెలుపు ఎనామెల్ వాష్‌ని (గీతలు, సందులు తేలేలా వేసే పల్చటి ముదురు రంగుని) పీల్చేసుకుంటుంది. వైట్ స్పిరిట్‌తో తడిపిన బ్రష్‌తో పైనుంచి కిందికి లాగితే కొంతవరకు పోతుంది, మిగిలినదాన్ని వాన చారలుగా మార్చుకోవచ్చు. ఈసారి వాష్‌కి ముందు సాటిన్ వార్నిష్ వెయ్యండి, వాష్‌ని మోడలంతా పులమకుండా ప్యానెల్ గీతల్లో, బోల్టుల చుట్టూ మాత్రమే పెట్టండి. నలుపు వాష్ వద్దు, తెలుపు మీద బొగ్గు గీసినట్టుంటుంది. లేత గోధుమ, బూడిద రంగులు సరిపోతాయి. ఆయిల్ రంగులు వాడితే ముందు అట్టముక్క మీద పెట్టి నూనె పీల్చనివ్వండి, లేకపోతే చుట్టూ జిడ్డు మెరుపు వస్తుంది.

ఇంకో టెన్షన్, అప్పుడప్పుడూ వాష్ తర్వాత చక్రాల ఇరుసులు గానీ సన్నటి అతుకులు గానీ పుటుక్కున విరుగుతాయి. రంగు పడని ప్లాస్టిక్ మీద థిన్నర్ గుంటలా నిలిస్తే జరిగేది ఇదే. నిలిచినదాన్ని వెంటనే పొడి బ్రష్‌తో తీసేయండి.

సమస్య: అన్నీ సరిగ్గానే చేశాను, అయినా బొమ్మలా ఉంది

మొదటి అనుమానం స్వచ్ఛమైన తెలుపు మీద. అందులో కొద్దిగా బఫ్ అనే లేత ఇసుక రంగు (టమియా ఎక్స్ఎఫ్-57) కలపండి, పైన వెలుగు పడే చోట్ల మాత్రం శుద్ధ తెలుపు ఉంచుకోవచ్చు.

రెండోది చిప్పింగ్ అంతటా ఒకేలా ఉండటం. సిబ్బంది ఎక్కి దిగే చోట, హ్యాచ్‌ల చుట్టూ, ఫెండర్ల మీద, పనిముట్లు తీసిపెట్టే చోట తెలుపు బాగా పోవాలి, చేయి తగలని టరెట్ పక్కల చాలావరకు నిలవాలి. ఇంకా, వెల్ల పోతే కింద కనిపించేది బూడిద రంగో ఆకుపచ్చో, తుప్పు కాదు. ప్రతి గీతలో తుప్పు నింపితే పొరల కథంతా పోతుంది. ఆ కింద రంగు కాలానికి సరిపోవాలి కూడా: జర్మన్లు ముదురు పసుపుకి మారింది 1943 ఫిబ్రవరిలో కాబట్టి స్టాలిన్‌గ్రాడ్ చలికాలపు టాంకుకి తెలుపు కింద బూడిద రంగే వెయ్యండి. గుర్తుల చుట్టూ సిబ్బంది వెల్ల వెయ్యకుండా వదిలేసిన చోట్లు కూడా పాత ఫొటోల్లో కనిపిస్తాయి, అక్కడ బేస్ రంగుని చతురస్రంగా అలాగే ఉంచితే ఎంత బాగుంటుందో.

చక్రాలు, ట్రాకుల దగ్గర తెలుపు మీద ఎక్కువ కష్టపడకండి. నాలుగు అడుగులు నడవగానే అక్కడ బురదే మిగులుతుంది, తడి మట్టి రంగు పిగ్మెంట్ పొడిని ఎనామెల్ థిన్నర్‌తో అంటించి, పైకి వెళ్లేకొద్దీ పలచబడేలా వదిలేయండి.