బడిలో మనసు పాఠాలు – 3: కోపమా, అలకా, ఉక్రోషమా?

పోయిన వారం హాజరు వేసేటప్పుడు పిల్లల ముఖాలు చూసి పలకరించడం మొదలుపెట్టాం. ఈ వారం మనసులో ఉన్నది చెప్పుకోవడానికి వాళ్ళకు కొన్ని మాటలు నేర్పుదాం.

మూడో తరగతి పిల్లాణ్ణి "ఎట్లున్నావురా?" అంటే "బాగున్నా సార్" అంటాడు. ముక్కు చీదుకుంటూ కూడా అదే మాట. గట్టిగా అడిగితే "కోపమొచ్చింది" అంటాడు. అంతకు మించి వాడి దగ్గర మాటల్లేవు. పసుపు రంగు ముఖాల బొమ్మల కింద శాడ్, యాంగ్రీ అని రాసిన చార్టులు నాకు పెద్దగా నచ్చవు. మన అలక, ఉక్రోషం, చిరాకు మూడూ ఆ ఒక్క 'యాంగ్రీ'లో కలిసిపోతాయి.

బోర్డు మీద నాలుగే మాటలు రాయండి: అలక, ఉక్రోషం, చిరాకు, దిగులు. అర్థాలు చెప్పొద్దు, సంగతులు చెప్పండి. అక్కకు పెద్ద లడ్డు ఇచ్చారని అన్నం తిననని మూలకు కూర్చున్నావే, అది అలక. ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలి. ఐదో తరగతివాడు బంతి లాక్కుంటే, తిరిగి కొట్టలేక కళ్ళలో నీళ్ళు తిరిగాయే, అది ఉక్రోషం. చిరాకు గురించి చెప్పక్కర్లేదు, కరెంటు పోయిన మధ్యాహ్నం చూపిస్తే చాలు. దిగులును కొన్నిచోట్ల బెంగ అంటారు. మీ ఊళ్ళో ఏది వాడితే అదే రాయండి.

2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. కోపం, భయం ఉన్న ముఖాలు చూపించి ఆ భావానికి పేరు చెప్పమంటే, చూసేవాళ్ళ మెదడులో భయం లాంటి భావాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం ఉలికిపాటు తగ్గింది. అది పెద్దవాళ్ళ మీద చేసింది. మన పిల్లలు తమ భావానికి పేరు పెట్టగానే ఏడుపు ఆగిపోతుందని ఆశపడకండి. ఎవరితో ఎలా మాట్లాడాలో మాత్రం మనకు తెలుస్తుంది.

నా క్లాసులో ఒకడు రబ్బరు కోసం పక్కవాడి చెయ్యి కొరికాడు. ముందు నేనూ అరిచాను, గోడ దగ్గర నిలబెట్టాను. ఇంటర్వెల్‌లో బోర్డు చూపించి "ఇందులో ఏదిరా?" అన్నాను. ఉక్రోషం అంటాడనుకున్నా. చాలాసేపు చూసి 'దిగులు' మీద వేలు పెట్టాడు. మా ఆదోని పక్క ఊళ్ళ నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. వాళ్ళమ్మా ఆ కోతలకే పోయింది, వీడు అవ్వ దగ్గర ఉన్నాడు. పోయేముందు ఆమె కొనిచ్చిన రబ్బరు అది.

కొరికినందుకు పక్కవాడికి సారీ చెప్పించాను, అది వదల్లేదు. సాయంత్రం నా ఫోన్‌లో అమ్మతో మాట్లాడించాను. రబ్బరు సంగతి ఎత్తనేలేదు, కోడిపిల్లల గురించి చెప్పాడు.

ఒక జాగ్రత్త: ఎవరినీ అందరి ముందూ చెప్పమని బలవంతపెట్టొద్దు. "ఏం లేదు సార్" అంటే సరేనని వదిలేయండి.

ఈ వారం రోజుకు ఇద్దరు పిల్లలు ఏ మాట మీద వేలు పెట్టారో నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే పాఠానికి ఆ పేజీలు కావాలి.