డ్రగ్ పరీక్షలో పాజిటివ్ వచ్చాక మళ్లీ ట్రక్కు నడపాలంటే

అమెరికాలో సీడీఎల్ (వాణిజ్య వాహనాల డ్రైవింగ్ లైసెన్సు) ఉన్న డ్రైవరుకు ఫెడరల్ రవాణా శాఖ డ్రగ్ పరీక్షలో పాజిటివ్ ఖరారైతే, ఆ క్షణం నుంచే వాణిజ్య వాహనం నడపడం ఆపేయాలి. ఉద్యోగంలో చేరకముందు చేసిన పరీక్షకూ, పరీక్షకు నిరాకరించినవారికీ ఇదే నియమం. మా రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కదా, డాక్టరే సిఫారసు చేశాడు కదా అన్న వాదనలు ఇక్కడ చెల్లవు.

ఫలితం తప్పని మీకు గట్టి నమ్మకం ఉంటే, పరీక్షా ఫలితాలను సమీక్షించే వైద్యుడు, అంటే మెడికల్ రివ్యూ ఆఫీసరు, ఆ సంగతి తెలియజేసిన 72 గంటల్లోగా, విడిగా భద్రపరచిన రెండో నమూనాను మరో ప్రయోగశాలలో పరీక్షించమని అడగాలి.

కొంతకాలం ఊరుకుంటే అదే చెరిగిపోతుందన్న ఆశతో చాలామంది విలువైన నెలలు పోగొట్టుకుంటారు. 2020 జనవరి 6న మొదలైన క్లియరింగ్‌హౌస్‌లో, అంటే డ్రైవర్ల డ్రగ్, మద్యం ఉల్లంఘనలను నమోదు చేసే ఫెడరల్ ఆన్‌లైన్ డేటాబేస్‌లో, ఈ నమోదు కనీసం 5 ఏళ్లు ఉంటుంది. తిరిగి విధుల్లో చేరే ప్రక్రియ, ఆ తరువాతి పరీక్షలు పూర్తి కాకపోతే ఆ గడువు దాటినా పోదు. పైగా 2024 నవంబరు 18 నుంచి, నిషేధ స్థితిలో ఉన్న డ్రైవర్ల సీడీఎల్ హోదాను రాష్ట్రాలు తొలగించాలి.

కాబట్టి వెంటనే వెతకవలసింది ఎస్‌ఏపీ అని పిలిచే, డ్రగ్ వాడకాన్ని మూల్యాంకనం చేసి చికిత్స సూచించే అర్హత పొందిన నిపుణుణ్ణి. ఇలాంటి నిపుణుల జాబితాను, ఉద్యోగంలోంచి తీసేసినా సరే, సంస్థ మీకు ఇచ్చి తీరాలి. ఖర్చు భరించే బాధ్యత మాత్రం దానిపై లేదు కనుక రుసుమెంతో ముందే అడగండి. నిపుణుణ్ణి ఎంచుకున్నాక క్లియరింగ్‌హౌస్ ఖాతాలో నమోదు చేయాలి. ఎంపికలో తొందరపడవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే మొదటి మూల్యాంకనం అయ్యాక, సిఫారసు నచ్చలేదని మరో నిపుణుడి దగ్గరికి వెళ్లే వీలు లేదు. ఆయన మీ పక్షమూ కాదు, సంస్థ పక్షమూ కాదు; ప్రజల భద్రతను చూస్తాడు. వాడకం గురించి ఉన్నది ఉన్నట్టు చెబితేనే సూచించే తరగతులో చికిత్సో మీకు నిజంగా పనికొస్తుంది. వాటిని పాటించాక రెండోసారి మూల్యాంకనం జరిగి, మీరు అర్హులని ఆయన నివేదిస్తాడు.

ఎక్కువమంది చిక్కుకుపోయేది ఇక్కడే. అర్హత రాగానే ఉద్యోగం రాదు; తిరిగి విధుల్లో చేరేముందు చేసే రిటర్న్ టు డ్యూటీ పరీక్షకు మీరే సొంతంగా వెళ్లలేరు, మిమ్మల్ని తీసుకోదలచిన సంస్థే పంపాలి. సొంత ట్రక్కున్నవారు తాము నియమించుకున్న పరీక్షల నిర్వహణ సంస్థ ద్వారా వెళ్లాలి. ఈ పరీక్షలో నమూనాను మరొకరు నేరుగా చూస్తుండగా ఇవ్వాలి; ఇబ్బందే అయినా, నిరాకరిస్తే అది మరో ఉల్లంఘన అవుతుంది. ఉద్యోగాలు వెతికేటప్పుడు జరిగినది మొదటి మాటల్లోనే చెప్పేయండి, నియామకానికి ముందు సంస్థ క్లియరింగ్‌హౌస్ చూడక తప్పదు.

నెగెటివ్ వచ్చి నిషేధం తొలగాక, మొదటి 12 నెలల్లో ముందుగా చెప్పకుండా కనీసం 6 పరీక్షలు ఉంటాయి, నిపుణుడు కోరితే అవి మొత్తం 60 నెలల దాకా సాగవచ్చు. వాటి ప్రణాళిక మీ నివేదిక ప్రతిలో కనిపించదు. మామూలు రాండమ్ పరీక్షలు వీటి లెక్కలోకి రావు, ఉద్యోగం మారినా ఈ ప్రణాళిక మీ వెంటే కొత్త సంస్థకు వస్తుంది.