గాలి ఒక్క రాత్రి, చీకటి నెల్లాళ్లు: బరంపురంలో తుపాను తర్వాతి జాగ్రత్తలు

ఒడిశాలోని మన బరంపురాన్ని పైలిన్ తుపాను కొట్టిన 2013 అక్టోబరు 12 దుర్గాష్టమి. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, గంటకు 200 కిలోమీటర్ల గాలి. తలుపులకు బల్లలు అడ్డం పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాం, ఎలాగో తెల్లారింది. మా వీధిలో ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాలేదు. మంచం పట్టినవాళ్లంతా ఆ తర్వాతి మూడు వారాల్లోనే పట్టారు. ఒకరికి విరేచనాలు, ఒకరికి కాలిలో మేకు దిగింది, ఒకాయన విరిగిన కొమ్మ నరకబోయి నిచ్చెన మీంచి పడ్డాడు. మా వీధికి కరెంటు రావడానికి పదిహేను రోజుల పైనే పట్టింది.

అక్టోబరు మనకు అచ్చిరాని నెల. 1999లో 17న గోపాల్‌పూర్ దగ్గర ఒక తుపాను దాటింది, 29న పారాదీప్ వైపు మహా తుపాను వచ్చింది. 2014లో 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018లో 11న తిత్లీ పలాస దగ్గర దాటి, ఉద్దానం కొబ్బరి తోటలు పడగొట్టి, మన పక్క గజపతి జిల్లాను వరదలో ముంచింది. గాలి రాత్రి ఏం చేయాలో ఇప్పుడు రేడియో, ఫోను, వీధి మైకు అన్నీ చెబుతున్నాయి. ఆ మాట తప్పకుండా వినండి. తర్వాతి నెల్లాళ్లు పట్నంలో ఎలా నెట్టుకురావాలో చెప్పేవాళ్లు తక్కువ. నేను రాస్తున్నది దాని గురించి.

పట్నంలో కరెంటు పోయిందంటే నీళ్లు పోయినట్టే. కుళాయి, బోరు, మేడ మీద ట్యాంకు, అన్నీ మోటారు మీదే నడుస్తాయి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. నలుగురున్న ఇంటికి పది రోజులకు 200 లీటర్లు, అంటే మూత ఉన్న పెద్ద డ్రమ్ము ఒకటి. దాన్ని గాలికి ముందు రోజే కడిగి నింపేయండి. మేడ మీది ట్యాంకును కూడా నిండుగా ఉంచండి. ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరి పక్కింటి మీద పడుతుంది, నిండిన ట్యాంకు బరువుకు కదలదు. బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు పారబోయకుండా బకెట్టులో పట్టి పాయిఖానాకు వాడండి. కుటుంబాలు అలిసిపోయేది అక్కడే.

పాత ఇళ్ల పెరళ్లలో ఇంకా నూతులు ఉన్నాయి. చాలామంది పైన పలక వేసి పూలకుండీలు పెట్టేశారు. పైలిన్ తర్వాత మా వీధిని బతికించింది అలాంటి ఒక నుయ్యే. పలక అయితే తీశాం గానీ గిలక లేదు, ఉన్న తాడు నీళ్లకు అందలేదు. పక్కింటి అత్తయ్య రెండు పాత చీరలు పురిపెట్టి తాడుకు ముడేసింది. "ముడి జారితే బిందె పోతుంది, చూసి తోడు నాయనా" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేది. ఆ ముడి మీదే రోజూ వీధంతటికీ నీళ్లు వచ్చాయి. చీర రంగు దిగి, తోడినవాళ్ల అరచేతులన్నీ ఎర్రగా అయ్యేవి. మీ పెరట్లో నుయ్యి ఉంటే వినాయక చవితి లోపలే పలక తీయించి, పూడిక తీయించి, గిలక, సరిపడా తాడు సిద్ధం చేసుకోండి.

నూతిలో బ్లీచింగ్ పొడి కలపడానికి లెక్క ఉంది: వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. ఒకటిన్నర మీటరు వెడల్పుతో, నాలుగు మీటర్ల లోతు నీళ్లున్న నూతికి సుమారు 18 గ్రాములు. పొడిని బకెట్టులో నీళ్లతో కలిపి పది నిమిషాలు ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటిని వేరే బకెట్టులోకి వంచి, ఆ బకెట్టును నూతిలోకి దించి పైకీ కిందికీ ఆడించాలి. గంట ఆగాక తోడుకోవచ్చు. తెరిచి చాలా రోజులైన పొడికి బలం ఉండదు, కొత్త ప్యాకెట్టే వాడండి. వరద నీళ్లు పడిన నూతిని ముందు తోడించి శుభ్రం చేయించాలి, ఈ లెక్క ఆ తర్వాతే. తాగే నీళ్లు మాత్రం ఏ నూతివైనా మడత గుడ్డలో వడగట్టి, కళపెళా మరిగించి తాగండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో తలకొట్టి కొలవండి, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

తిండికి మన వంటిల్లు ఇలాంటి రోజులకే పుట్టినట్టుంటుంది. అటుకులు, బెల్లం, మరమరాలు, చింతపండు, ఎండు చేపలు, ఊరగాయ, బరంపురం అప్పడాలు, వీటిలో దేనికీ ఫ్రిజ్ అక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు తెరవకపోతే లోపలి చల్లదనం నాలుగు గంటలే నిలుస్తుంది, కాబట్టి పాలు, మాంసం ముందే వాడేయండి. గ్యాసు సిలిండరు సగం ఉన్నా సరే, మారుబండ నింపించి పెట్టుకోండి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇంట్లో ఉంటే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, మందును ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులో పెట్టండి. పైన తడి గుడ్డ కప్పి నీడలో, గాలి ఆడే చోట ఉంచాలి. ఐసుకు తగలనివ్వకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. బీపీ, షుగరు, థైరాయిడ్, మూర్ఛ మాత్రలు నెలకు సరిపడా ఉండాలి. డయాలిసిస్ చేయించుకునేవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు గాలి వచ్చేదాకా ఆగకూడదు. హెచ్చరిక రాగానే ఆసుపత్రి దగ్గరికి చేరాలి.

జనరేటరు గురించి కాస్త గట్టిగానే చెబుతాను. దాన్ని ఇంట్లో గానీ, మూసిన వరండాలో గానీ నడపకండి. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకున్నా అదే ప్రమాదం. జనరేటరు తీగను గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్లు ఉన్నారు. ఆ కరెంటు వెనక్కి తిరిగి వీధి ట్రాన్స్‌ఫార్మరు గుండా వెళ్లి 11,000 వోల్టులవుతుంది. మీకు లైను వేయడానికి స్తంభం ఎక్కిన మనిషి చచ్చిపోతాడు. ఎలక్ట్రీషియన్ చేత, వీధి లైనును విడగొట్టి జనరేటరుకు మార్చే చేంజ్‌ఓవర్ స్విచ్ పెట్టించుకోలేకపోతే, జనరేటరు నుంచి నేరుగా ఫోను, ఫ్యాను మాత్రమే నడుపుకోండి.

టవర్లు పడిపోతే ఫోన్‌పే లేదు, ఏటీఎం లేదు. 2013లో అందరి చేతిలో నోట్లుండేవి. ఇప్పుడు పచారీ కొట్టులో పది రూపాయలకు కూడా స్కాన్ చేస్తున్నాం. పది, ఇరవై, యాభై, వంద నోట్లు నెల ఖర్చుకు సరిపడా పక్కన పెట్టండి. బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి కొనండి. ఫోన్ కాల్ కలవనప్పుడు మెసేజ్ వెళ్లవచ్చు. క్షేమం కబురు చెప్పే బంధువు ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో ఉంటే లాభం లేదు, మనల్ని కొట్టిన గాలే వాళ్లనూ కొడుతుంది. హైదరాబాదులోనో రాయ్‌పూర్‌లోనో ఉన్న ఒకరిని పెట్టుకుని, ఇంట్లో అందరూ వాళ్లకే కబురు పంపేటట్టు అనుకోండి.

మూడో వారం జ్వరాలది. పగిలిన కుండలు, కొబ్బరి చిప్పలు, టైర్లలో నిలిచిన నీటిలో గుడ్డు వారం పదిరోజుల్లో దోమవుతుంది. వారానికోసారి ఇల్లంతా తిరిగి ఒలకబోయండి. జ్వరం వస్తే పారాసిటమాల్ ఒక్కటే. డెంగ్యూ కాదని తేలేదాకా బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు. పుండ్లున్న కాళ్లతో వరద నీటిలో దిగకండి, అందులో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. పిక్కల నొప్పి, కళ్ల ఎరుపుతో జ్వరం వస్తే నీటిలో దిగామని డాక్టరుకు మర్చిపోకుండా చెప్పండి. పాము కరిస్తే కోయడం, కట్టడం, మంత్రం ఏదీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఫోన్ కలవకపోతే దొరికిన బండిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

పైలిన్ తర్వాత మా సందు మొదట్లో గోడ మీద ఎవరో బొగ్గుతో రాశారు: నుయ్యి ఎవరింట్లో, ఫోను చార్జింగు ఎక్కడ, నర్సమ్మ ఉండేది ఏ గుమ్మం. ఒక పక్క ఒడియాలో, ఒక పక్క తెలుగులో. మన తెలుగు ఇళ్లలో ఒడియా గడగడా మాట్లాడే పెద్దవాళ్లలో చాలామందికి ఆ లిపి చదవడం రాదు. నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్ల కాగితం ఒడియాలో ఉంటుంది. ఎవరి చేతనైనా చదివించుకున్నాకే వేలిముద్ర వేయించండి. కూలిన గోడ, తడిసిన మగ్గం శుభ్రం చేయకముందే గుమ్మం నంబరు కనబడేలా ఫోటో తీసి ఉంచండి. ఇంటి పత్రాలు, రేషన్ కార్డు, పాస్‌బుక్కు, మందుల చీటీలు రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టి అటక మీద కాకుండా చేతికందే సంచిలో పెట్టండి. 112, 108, జిల్లా కంట్రోల్ రూము 1077, దూరాన ఉన్న బంధువు నంబరు, ఇంట్లో అందరి రక్తం గ్రూపు, రోజూ వేసుకునే మందుల పేర్లు రెండు లిపుల్లోనూ ఒక కాగితం మీద రాయండి. దాన్ని బియ్యం డబ్బా మూతకు లోపలివైపు అతికించండి, ఫోను చచ్చిపోయినా ఆ డబ్బా రోజూ తెరుస్తారు.