పాపికొండల దారిలో సొంత వ్యానుతో రెండు రాత్రుల మకాం

డెల్టాలో పుట్టి పెరిగినవారికి గోదావరి అంటే విశాలంగా, తొందర లేకుండా పారే నది. జొన్నాడ వంతెన మీద నిలబడి చూసినా, సిద్ధాంతం వంతెన మీద నిలబడి చూసినా కనిపించేది ఆ రూపమే. ఆ నదే రాజమహేంద్రవరానికి ఎగువన తూర్పు కనుమలను చీల్చుకుని వచ్చే చోట, పాపికొండల మధ్య, ఇరుకుగా, లోతుగా మారిపోతుంది. కోనసీమలో బయలుదేరి, మధ్యాహ్న భోజనం వేళకు ఆ కొండల పాదానికి చేరి, సొంత వ్యానులోనే వండుకుని పడుకుని, మూడో రోజు సాయంత్రానికి ఇల్లు చేరడం ఇద్దరు మనుషులకు సులభంగా సాధ్యమయ్యే ప్రయాణం. అందులో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసింది బండి గురించి కాదు, రాత్రి ఆ బండిని ఎక్కడ నిలపాలన్న దాని గురించి. కాబట్టి బండి సంగతి ముందుగా, క్లుప్తంగా చెప్పి అసలు విషయానికి వస్తాను.

సినిమావాళ్ల కారవాన్ వంటిది ఇందుకు అవసరం లేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో అది భారమే. టాటా వింగర్, ఫోర్స్ ట్రావెలర్ వంటి వ్యాను సరిపోతుంది. వింగర్ ముందు చక్రాలతో లాగే బండి కనుక, సామాను అంతా వెనుక పేరిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు, ఇసుక తగిలినప్పుడు ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. ట్రావెలర్ వెనుక చక్రాలతో లాగుతుంది కనుక దానికి ఆ ఇబ్బంది తక్కువ. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు మారిపోయే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. అందుచేత సీట్లు పీకించి మంచం బిగించే ముందు రవాణాశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

కరెంటు లెక్క ఇంటి దగ్గరే వేసుకోవాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1,200 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే యాసిడ్ బ్యాటరీ అయితే, అది పాడవకుండా ఉండాలంటే అందులో సగమే వాడుకోవాలి. 20 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే 200, దీపాలకు 50, సెల్ ఫోన్లకు 30, వెరసి రాత్రికి 280. రెండు రాత్రులకు 560 అవుతుంది, అంటే ఉన్న 600లో సరిపోతుంది. ఫ్రిజ్ పెడితే ఒక్క రోజులోనే ఈ లెక్క తలకిందులవుతుంది. చేపల మార్కెట్టులో ఐసు కొట్టించి థర్మోకోల్ పెట్టెలో వేసుకుంటే పాలు, పెరుగు మర్నాటి వరకు నిలుస్తాయి. ఆ తరువాతి భోజనానికి ఆవకాయ ఉండనే ఉంది. నీళ్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున ఇద్దరికి మూడు రోజులకు 30 లీటర్లు, గిన్నెలు కడగడానికి, స్నానానికి మరో 40 లీటర్లు. ఈ 70 కిలోల బరువు బండి వెనుక అంచున కాక, ముందు వెనుక చక్రాల నడుమ, నేలకు అంటినట్లుగా ఉండాలి.

ఏకాఎకిని కొండలకు వెళ్లకుండా, ముందుగా ఒక రాత్రి తెలిసినవారి కొబ్బరి తోటలో పడుకుని చూడడం నేను అందరికీ చెప్పే సలహా. ఇంట్లో మరిచిపోయిన వస్తువు ఏమిటో, దోమతెరకు ఎక్కడ చిరుగు ఉందో ఆ రాత్రే తెలిసిపోతుంది. తోటలో బండి పెట్టేటప్పుడు చెట్టు కిందికి పోకుండా రెండు వరుసల నడిమికి రావాలి, దింపు, అంటే కాయల కోత, ఎప్పుడు తీశారో రైతును అడగాలి. దింపు ఆలస్యమైన తోటలో అర్ధరాత్రి వ్యాను పైకప్పు మీద కాయ పడితే లోపల ఉన్నవారికి పిడుగు పడినట్లే ఉంటుంది, నాకది అనుభవమే.

ఇక మకాం స్థలం. పడమటి దేశాల వీడియోలు చూసినవారు ప్రభుత్వ భూమి అంటే ఎవరైనా వెళ్లి పడుకోదగిన చోటని అనుకుంటున్నారు. మన దగ్గర ఖాళీగా కనిపించే ప్రతి చోటికీ ఒక యజమాని ఉంటాడు. కాలువ గట్టు జలవనరుల శాఖది, రోడ్డు పక్క నేల రోడ్లు భవనాల శాఖది, నది నడిమి లంకలో పచ్చగా కనిపించేది ఎవరో రైతు సాగు చేసుకుంటున్న భూమి, ఊరి చివర పోరంబోకు పంచాయతీ కనుసన్నల్లో ఉండేది. పాపికొండల అడవి 2008లో జాతీయ ఉద్యానవనమయింది; దాని విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైమాటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అందులోకి అనుమతి లేకుండా ప్రవేశించడమే నేరం. ప్రజా రహదారి మీద సాగిపోవడం వేరు, దిగి పొయ్యి వెలిగించడం వేరు. కనుక అటవీశాఖ కార్యాలయంలో ముందుగా మాట్లాడి, వారు చూపిన చోటనే రాత్రి గడపాలి. మారేడుమిల్లిలో అటవీశాఖ ఆధ్వర్యంలో వనవిహారి విడిది ఉంది. వాలమూరు దగ్గర ఏటి పక్కన జంగిల్ స్టార్ క్యాంపు ఉంది. గది అక్కరలేదు, ఆవరణలో బండి నిలుపుకుంటామని అడిగి చూడవచ్చు. కొండరెడ్డి గిరిజనుల గూడెం పక్కన ఆగవలసి వస్తే ఊరి పెద్దను కలిసి, ఆయన సరేనన్న తరువాతే ఇంజను ఆపాలి. ఏమయ్యా, పెద్దాయనా అని కాక అయ్యగారూ అని పిలిచి, ఏ ఊరి నుంచి వచ్చామో చెప్పి మాట మొదలుపెడితే సగం పని అక్కడే అవుతుంది.

నది ఒడ్డున ఎత్తు చూసుకోకుండా బండి పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఇసుక తిన్నె మీద చక్రం పెట్టనే కూడదు. వానాకాలం వెళ్లిపోయింది కదా అని ధీమా పడడానికి లేదు; దాళ్వాకు, అంటే రెండో పంటకు, ఎగువన సీలేరు జలాశయాల నుంచి నీళ్లు వదిలే రోజుల్లో ఎండ కాస్తుండగానే నీటిమట్టం మారుతుంది. గట్టు మీద పాత వరద వదిలిన చెత్త, ఎండుగడ్డి ఏ పొదకు ఎంత ఎత్తున చిక్కుకుని ఉందో చూస్తే నీరు ఎంతవరకు రాగలదో తెలుస్తుంది; దానికంటే పైన ఉండాలి. జూన్ నుంచి అక్టోబరు వరకు ఈ ప్రయాణం మానుకోవడమే మేలు. తప్పనిసరైతే రోజూ రెండు అంకెలు చూడాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఎగురవేస్తారు; ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 దాటింది. అంకెలు అందని చోట నది రంగే చెబుతుంది. తేటగా ఉన్న నీటిలో ఎర్రనీరు కలిసిందంటే, ఎంత నెమ్మదిగా కనిపించినా సరే, సామాను సర్దుకోవాలి.

నేల గట్టిదనాన్ని కంటితో నమ్మకూడదు. ఒక జనవరిలో లంక అంచున ఎండి పగుళ్లు తీసిన ఒండ్రు మీద, రైతు అనుమతితోనే, బండి పెట్టాను. పైన పెళుసు పొర, కింద మెత్తని అడుసు; తెల్లవారేసరికి ఎడమ వెనుక చక్రం జానెడు లోతుకు దిగిపోయి, పొయ్యి మీది పాలగిన్నె ఒక పక్కకు ఒరిగి ఉంది. ట్రాక్టరు వచ్చి లాగేదాకా నడుము నొప్పితో నిలబడవలసి వచ్చింది. అప్పటినుంచి గునపం తీసుకెళుతున్నాను. నాలుగు చక్రాలు ఆగబోయే నాలుగు చోట్లా గునపం నిలువుగా పెట్టి ఒక చేత్తో నొక్కాలి. జానెడు సులువుగా దిగిందంటే ఆ చోటు వదిలేయాలి. తరువాత తాపీమేస్త్రీల రసమట్టం బల్ల మీద పెట్టి, పల్లం ఉన్న వైపు చక్రాల కింద తాటి చెక్కలు తోసి బండిని ఎక్కించి, చక్రాలకు అడ్డుగా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయాలి. బండి ముఖం దారి వైపు ఉండాలి, తాళం చెవి ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి.

దారి సంగతికి వస్తే, రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 90 కిలోమీటర్లు. డీజిలు గోకవరంలోనే నింపుకోవాలి. ఆ పైన సెల్ ఫోను సిగ్నలు కూడా అక్కడక్కడే దొరుకుతుంది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు రెండో గేరులో ఇంజనే బండిని ఆపేటట్లు చూసుకోవాలి. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. చీకటి పడ్డాక, మంచు కమ్మిన తెల్లవారుజామున ఆ రోడ్డు ఎక్కవద్దు. పాపికొండల ఇరుకును నీటి మీద నుంచి చూడాలంటే గండి పోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో బోటు మునిగిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరవలేదు. లైఫ్ జాకెట్టు కట్లన్నీ బిగించుకోవాలి. ఉక్కపోస్తోందని విప్పి పక్కన పెట్టకూడదు. జలతరంగిణి, అమృతధార జలపాతాల దగ్గర పాచి పట్టిన రాళ్ల మీదికి చెప్పులతో ఎక్కకండి. గోదావరిలో సుడులు పైకి కనిపించవు కనుక ఈతగాళ్లు కూడా స్నానం చెంబుతోనే కానివ్వాలి.

వంట గ్యాసు పొయ్యి మీద, తలుపు తీసి ఉంచి చేసుకోవాలి. బండి మూసి పొయ్యి వెలిగిస్తే, నిప్పుల కుంపటి లోపల పెట్టుకుంటే, విషవాయువు వాసన కూడా లేకుండా ప్రాణం తీస్తుంది. తోటలోనైతే దోమలకు కొబ్బరి డొక్కల పొగ వేసుకోవచ్చు. అడవిలో ఎండుటాకుల మధ్య నిప్పు మాటే ఎత్తకూడదు. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, మలేరియా ఉంది, కాబట్టి సాయంత్రం ఐదు దాటగానే నిండు చేతుల చొక్కా, రాత్రి దోమతెర తప్పవు. తిరిగి వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లి వచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

మరుగుదొడ్డికి నేను వాడేది మూత గట్టిగా పడే బకెట్టు, రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఒక బస్తా ఊక. ప్రతిసారీ రెండు దోసిళ్ల ఊక పోస్తే వాసన రాదు, ఈగ వాలదు. గిన్నెలు కడిగిన నీళ్లు నదికి 200 అడుగుల దూరంలో, జల్లెడ పట్టి పారబోయాలి. జల్లెడలో మిగిలిన మెతుకులు, ప్లాస్టిక్ కవర్లు వేరువేరు సంచుల్లో మనతోనే దిగి రావాలి. ఇంటికి చేరాక బకెట్టులోని ఊకను తోట చివర గోతిలో వేసి మట్టి కప్పి, నీళ్ల డ్రమ్ము ఖాళీ చేసి మూత తీసి ఎండలో బోర్లించి, బ్యాటరీని ఆ రాత్రే చార్జింగులో పెట్టాలి.