పోలీసులమని బండి ఆపితే: ఏం చూపాలి, ఏం చేతికివ్వొద్దు

రోడ్డు మీద బండి ఆపినవాడు అసలు పోలీసా, నకిలీనా అన్నది మొదటి నిమిషంలో తేలదు. తేలేదాకా ఇద్దరి విషయంలోనూ పనికొచ్చే పద్ధతి ఒకటే. బండి ఆపాలి, మర్యాదగా మాట్లాడాలి, అడిగిన కాగితాలు చూపాలి. పైసలు, నగలు, ఫోను, తాళంచెవి మాత్రం చెయ్యి దాటనివ్వొద్దు. వాళ్లు రమ్మన్న ఇంకో చోటికి కదలొద్దు. అసలు పోలీసుకు దీనివల్ల ఇబ్బందేమీ లేదు. దొంగకు మాత్రం ఇక్కడే పని చెడిపోతుంది.

ఎక్కడ ఆపాలి

హన్మకొండ అదాలత్ దగ్గరో కాజీపేట చౌరస్తాలోనో బారికేడ్లు పెట్టి నలుగురైదుగురు నిలబడి ఆపితే ఆలోచించేదేమీ లేదు, పక్కకు తీసి ఆపండి. అక్కడ యూటర్న్ కొట్టడం, సందులోకి దూరడం చేయొద్దు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా అనుమానం పుడుతుంది. పోలీసు ఆదేశం పాటించలేదని మోటారు వాహనాల చట్టం 179వ సెక్షన్ మీద పడుతుంది. రాంగ్ రూట్లో ఎదురొచ్చే బండికి తగిలితే అది ఇంకో కేసు.

చిక్కంతా ఒంటరి రోడ్డు మీదే. ములుగు దాటినంక పస్రా, తాడ్వాయి అడవిలో రాత్రిపూట ఇద్దరు బైకు అడ్డం పెట్టి చెయ్యూపారనుకోండి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసి, స్పీడు బాగా తగ్గించి, చేత్తో ముందుకు సైగ చేస్తూ మెల్లగా నడపండి. పెట్రోల్ బంకో, దాబానో, ఊరి బస్టాపో వచ్చాక లైటు కింద ఆపండి. ఈలోపు పక్క సీట్లో ఉన్నవాళ్లు 112కు ఫోన్ చేసి ‘ఆపడం లేదు, వెలుతురులో ఆపుతాం’ అని చెప్పాలి. ఇలా నడపొచ్చని చట్టంలో ప్రత్యేకంగా రాసి లేదు. అందుకే ఆ ఫోనుకు అంత విలువ. తర్వాత ‘పారిపోయారు’ అని ఎవరన్నా అంటే కంట్రోల్ రూమ్‌లో రికార్డు ఉంటుంది. మీ సిమ్‌కు సిగ్నల్ లేకున్నా అక్కడ ఇంకో కంపెనీ టవర్ ఉంటే 112 కలిసే అవకాశం ఉంది, ప్రయత్నం మానొద్దు.

ఆపాక అద్దం సగమే దించండి, డోర్లు లాక్‌లోనే ఉండనివ్వండి. బైకు మీదుంటే ఇంజన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకోండి. తాళం గుంజుకునే అధికారం మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. అయినా గుంజుకునేవాళ్లు ఉంటారు కాబట్టి, బండికే వదిలేస్తే వాదించి లాభం లేదు.

కాగితాలు ఎవరు అడగొచ్చు

1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం లైసెన్సు చూపమని అడగాల్సింది యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, కమర్షియల్ బండైతే ఫిట్‌నెస్, పర్మిట్ కూడా యూనిఫాం పోలీసుకో, ప్రభుత్వం అధికారం ఇచ్చిన వేరే అధికారికో చూపాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ నిబంధన చెబుతుంది. చేతిలో లేకపోతే 15 రోజుల్లోగా పంపే వెసులుబాటు కూడా అందులోనే ఉంది. రవాణా శాఖ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లకూ (ఎంవీఐ) యూనిఫాం ఉంటుంది. హోంగార్డు ట్రాఫిక్ నడిపించడానికి, బండి పక్కకు తీయించడానికి సాయంగా ఉంటాడు. కేసు రాసేది మాత్రం అక్కడున్న పోలీసు అధికారే.

ఫోన్లో చూపే కాగితం డిజిలాకర్‌లోనో, తెలంగాణ ఆర్‌టీఏ ఎం-వ్యాలెట్‌లోనో ఉండాలి. వాట్సాప్‌లో దాచుకున్న ఫొటో ఎప్పుడో తీసింది కూడా అయ్యుండొచ్చు, దాన్ని ఒప్పుకోకపోతే తప్పు వాళ్లది కాదు. ఫోను మీ చేతిలోనే పట్టుకొని స్క్రీన్ చూపండి. లాక్ తీసిన ఫోను చేతికిచ్చి ‘చూసుకోండి సార్’ అనడం చాలామంది చేసే పొరపాటు. అదే ఫోన్లో ఫోన్‌పే ఉంటుంది, ఇంటోళ్ల నంబర్లు ఉంటాయి.

అసలు లైసెన్సు తీసుకునే సందర్భాలు కొన్ని ఉన్నాయి. కాగితం నకిలీదని అనుమానం ఉన్నప్పుడు, కేసైన డ్రైవరు తప్పించుకుపోతాడని అనుకున్నప్పుడు 206వ సెక్షన్ కింద తీసుకోవచ్చు. 2019 సవరణతో ఓవర్ స్పీడు, తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం లాంటి వాటికీ తీసుకొని లైసెన్సింగ్ అధికారికి పంపొచ్చు. తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వాలి. అది లేకుండా లైసెన్సు జేబులో వేసుకున్నవాడి పేరు, స్టేషన్ అక్కడికక్కడే కనుక్కోండి.

మరి సివిల్ డ్రెస్సులో వచ్చేవాళ్లు? టాస్క్ ఫోర్స్‌వాళ్లు, నేరాలు ఛేదించే సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) వాళ్లు మామూలు బట్టల్లోనే తిరుగుతారు. దొంగతనమో గంజాయో పట్టుకోవడానికి బండి ఆపే అధికారం వాళ్లకుంది. కానీ హెల్మెట్, సీటు బెల్టు, పెండింగ్ చలాన్ల కోసం మామూలు బట్టల్లో రోడ్డు మీద నిలబడరు. ప్యాంటు, టీషర్టు వేసుకొని వచ్చి ‘హెల్మెట్ ఏది, వెయ్యి కట్టు’ అని మొదలుపెట్టాడంటే అక్కడే ఆగి 112 కొట్టండి.

ఎవరో తేల్చుకోవడం

ట్రాఫిక్ పోలీసులకు తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు. లా అండ్ ఆర్డర్ వాళ్లకు మొత్తం ఖాకీ. భుజం మీద ఒక నక్షత్రం, ఎరుపు నీలం పట్టీ ఉంటే ఏఎస్సై, రెండుంటే ఎస్సై, మూడుంటే సీఐ. పట్టీ లేకుండా మూడు నక్షత్రాలుంటే ఏసీపీ లేదా డీఎస్పీ. కానిస్టేబుల్‌కు భుజం మీద నక్షత్రాలుండవు. ‘నేను ఎస్సైని’ అంటున్నవాడి భుజం చూస్తే కొన్నిసార్లు అక్కడే కథ బయటపడుతుంది. ఛాతీ మీద నేమ్‌ప్లేటు చదవండి. ప్రభుత్వ పోలీసు బండైతే నంబరులో టీఎస్ 09 లేదా టీజీ 09 తర్వాత అక్షరం ‘పీ’తో మొదలవుతుంది. సొంత బైకు ముందు ‘పోలీస్’ అని అంటించిన స్టిక్కరుకు విలువేమీ లేదు, ఏ స్టిక్కర్ల దుకాణంలోనైనా దొరుకుతుంది.

ఐడీ కార్డూ అంతే. జిరాక్స్ సెంటర్‌లో అచ్చేసి లామినేషన్ చేస్తే రోడ్డు లైటు కింద అసలుదానిలాగే కనిపిస్తుంది. కార్డు చూసి నమ్మడం కన్నా స్టేషన్ పేరు అడిగి ఫోన్‌లో ధ్రువపరచుకోవడం మేలు. అడిగే తీరు ఇలా ఉంటే చాలు:

‘సార్, కాగితాలు చూపిస్త. మీ పేరు, స్టేషన్ ఒక్కసారి చెప్పున్రి. సివిల్ డ్రెస్సుల ఉన్నరు కదా, 112కు చేసి అడుగుత.’

అసలు పోలీసు చిరాకుపడొచ్చు, కానీ ఫోన్ చేయనిస్తాడు. నకిలీవాడు ఫోన్ గుంజుకోవాలని చూస్తాడు, లేదంటే ‘ఇదిగో మా సీఐ సార్‌తో మాట్లాడు’ అని తన ఫోన్ చెవికి పెడతాడు. ఆ ఫోనుతో మాట్లాడొద్దు. వాళ్లిచ్చిన నంబరుకు చేయొద్దు. మీ ఫోను నుంచి మీరే 112 నొక్కాలి.

112లో మాట్లాడేటప్పుడు కథ చెప్పొద్దు, నాలుగు ముక్కలు చాలు: ఏ ఊరు దగ్గర, రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద ఏముంది, వాళ్లెంతమంది, వాళ్ల బండి నంబరు. ‘పోలీసులమంటున్నరు, యూనిఫాం లేదు, పెట్రోలింగ్ బండి పంపండి’ అనండి. ఈ మాట వాళ్లకు వినబడేలా అంటే ఇంకా మంచిది. ఊళ్లో అయితే బ్లూ కోల్ట్స్ అనే పోలీసు గస్తీ బైకు త్వరగానే వస్తుంది. అడవి రోడ్డులో ఆలస్యమవుతుంది, అందుకే ముందే వెలుతురులోకి రమ్మనేది.

పైసలు, నగలు

చలాన్ అంటే మెషీన్‌లోనో ఫోన్‌లోనో బండి నంబరు కొట్టి, ఫొటో తీసి, సెక్షన్, చోటు, టైం రాసేది. దాన్ని తర్వాత ఈ-చలాన్ సైటులోనో మీసేవలోనో కట్టుకోవచ్చు. అక్కడే నోట్లు అడిగినా, సొంత నంబరుకు ఫోన్‌పే చేయమన్నా అది ఫైన్ కాదు. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే తెరవొద్దు. ప్రభుత్వ సైటు చిరునామా ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తుంది.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి అమ్మి పోయే రైతులకు ఒక మాట. దొంగనోట్లు తిరుగుతున్నాయని, కట్ట తీసి చూపమని ఆపితే తీయొద్దు. ‘స్టేషన్‌కు వస్త, అక్కడ లెక్కపెట్టున్రి’ అనండి. పైసలతోపాటు తక్‌పట్టీ (సరుకు అమ్మినందుకు మార్కెట్లో ఇచ్చే చీటీ) తప్పకుండా ఉంచుకోండి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు నిజమైన ఫ్లయింగ్ స్క్వాడ్ కూడా ఆపుతుంది. 50 వేలు దాటిన నగదుకు ఆధారం చూపకపోతే పట్టుకుంటారు. వాళ్లు వీడియో తీస్తారు, పట్టుకున్న సొమ్ముకు రసీదు ఇస్తారు. తక్‌పట్టీ ఉంటే చాలాసార్లు అక్కడే వదిలేస్తారు.

ఇంకోటి పాతదే, ఇప్పటికీ పారుతోంది: ‘ముందు హత్య జరిగింది, గొలుసు తీసి కాగితంలో చుట్టుకో అమ్మా’ అని సాయం చేసినట్టు తామే చుట్టిస్తారు. ఇంటికెళ్లి విప్పితే అందులో గులకరాళ్లు. పోలీసు ఎవరూ నగలు తీయించి చుట్టివ్వరు.

సోదా, బ్రీత్ టెస్టు

భద్రాచలం, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే బండ్లను గంజాయి కోసం ఆపడం మామూలే. డిక్కీ, సీటు కింద పెట్టె మీరే తెరవండి. చేతులు ఎక్కడ పెడుతున్నారో పక్కనే నిలబడి చూడండి. ఒంటిమీద సోదా చేయాలంటే గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేట్ ముందు చేయమని అడిగే హక్కు మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 50వ సెక్షన్ ఇస్తుంది. బండికి, బ్యాగుకు అది వర్తించదు. ఆడవాళ్లను ఆడపోలీసులే సోదా చేయాలి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతుంది.

బ్రీత్ ఎనలైజర్‌కు కొత్త పైపు పెట్టమనండి, ఊదకముందు స్క్రీన్ మీద సున్నా ఉందో లేదో చూడండి. పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. దాటితే కేసు తప్పదు. కానీ తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండి సీజ్ చేయొద్దని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. పక్కన తాగనివాడు, లైసెన్సున్నవాడు ఉంటే బండి అతనికి ఇవ్వాలి, లేకపోతే ఇంటోళ్లను పిలవాలి. ఎవరూ రాకపోతేనే తాత్కాలికంగా స్టేషన్‌లో ఉంచి, తర్వాత కాగితాలు చూసి ఇచ్చేయాలి.

‘స్టేషన్‌కు రా’ అంటే

వాళ్ల కారెక్కొద్దు. ఏ స్టేషనో అడిగి, 112కు చెప్పి, నా బండి మీదే వెనుక వస్తానని అనండి. నిజంగా అరెస్టు అయితే సంగతి వేరు, అప్పుడు పెనుగులాడితే ఇంకో కేసవుతుంది. అరెస్టు చేసేవాళ్ల మీద పేరు కనబడాలి, కారణం చెప్పాలి, సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాయాలి, ఇంటోళ్లకు తెలియజేయాలి, 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మెజిస్ట్రేట్ అనుమతి ముందే తెచ్చుకోవాలి.

మోసపోయాక

ఫోన్‌పేలో పైసలు పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. స్టేషన్‌కు పోవడం ఆ తర్వాతే, ఎందుకంటే డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపే ఆపించాలి. వాళ్ల బండి నంబరు, యూపీఐ ఐడీ, చెప్పులా బూట్లా, మాట యాస, ఎటు పోయారు అన్నవి మరిచిపోకముందే కాగితం మీద పెట్టండి. దగ్గర్లోని బంకు, దుకాణం వాళ్లతో మాట్లాడి సీసీటీవీ ఫుటేజీ దాచమనండి, పాతది చెరిగి కొత్తది ఎక్కేస్తుంటుంది. పోలీసుగా నటించడానికి భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ఫిర్యాదులో ఆ మాట స్పష్టంగా రాయండి, లేకపోతే మామూలు దొంగతనంగా రాసి ఊరుకునే అవకాశముంది.

ఘటన ములుగులో జరిగినా హన్మకొండ స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ అడగొచ్చు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఆ ఫిర్యాదునే రాతపూర్వకంగా ఎస్పీకి, కమిషనరేట్ పరిధిలోనైతే పోలీసు కమిషనర్ (సీపీ) ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టుకు పోవడానికి ఆ రసీదు కావాలి. ఆపినవాడు అసలు పోలీసే అయ్యుండి లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064.