రెగ్యులేటరీ టి కణాల పాఠం: ఎర్ర చాక్‌పీసు ఆఖర్న తీయండి

హన్మకొండలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పకుండా అదుపు చేసే రెగ్యులేటరీ టి కణాల దగ్గరికి వచ్చేసరికి "ఇవి బ్రేకులు" అని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. ఓ రోజు నర్సంపేట నుంచి బస్సులో వచ్చే అమ్మాయి అడిగింది: "బ్రేక్ తీసేస్తే యాంటీబాడీలు ఇంకా మంచిగ వస్తయి కద మేడం?" నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత పాఠం చెప్పే తీరు ఇలా మార్చుకున్నాను.

ముందు పిల్లల్ని చంక తడుముకోమనండి. నవ్వుతారు, నవ్వనీయండి. భుజానికి టీకా వేస్తే ఒక్కోసారి అక్కడ బిళ్ల కడుతుంది కదా, ఆ లింఫ్ కణుపులోనే కథంతా. బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి జెర్మినల్ సెంటర్ అని రాయండి, కణుపులో మెరుగైన యాంటీబాడీల ఎంపిక జరిగే చోటు అది. సగం చీకటి భాగం, సగం వెలుగు భాగం. యాంటీబాడీలు చేసే బి కణాలు పసుపు, వాటికి సాయపడే ఫాలిక్యులర్ హెల్పర్ టి కణాలు తెలుపు. ఎర్ర చాక్‌పీసు చేతిలోనే ఉంచుకోండి.

ఇక వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్‌కి తీసుకెళ్లండి, మాటల్లోనే. మా క్లాసులో చాలామంది ఇళ్లల్లో మిర్చి వేస్తారు, అక్కడి వేలం, అదే జెండా పాట సంగతి నాకన్నా వాళ్లకే తెలుసు. బి కణం బస్తా తెచ్చిన రైతు. చీకటి భాగంలో అది విభజన చెందుతూ తన యాంటీబాడీ జన్యువును అక్కడక్కడా మార్చుకుంటుంది. వెలుగు భాగానికొచ్చి యాంటిజెన్‌ను, అంటే టీకాతో వచ్చిన పరాయి పదార్థాన్ని పట్టుకుని, దాని ముక్కల్ని తెల్ల చాక్‌పీసుతో గీసిన హెల్పర్ టి కణానికి చూపిస్తుంది. తెల్ల కణం ఖరీదుదారు. బస్తాలో చెయ్యి పెట్టి, కాయ విరిచి, రంగు చూస్తాడే, అలాగన్నమాట. ఎక్కువ ముక్కలు చూపిన కణానికే సీడీ40 లైగాండ్, ఐఎల్-21 అనే సంకేతాల సాయం అందుతుంది. అందనిది చచ్చిపోతుంది. పోలిక ఇక్కడ తప్పుతుందని మీరే చెప్పేయండి: రేటు రాని రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు, బి కణానికి ఆ దారి లేదు.

జన్యువులో మార్పులు గుడ్డిగా జరుగుతాయి కాబట్టి కొన్ని బి కణాలు సొంత ఒంటినే పట్టుకునేలా తయారవుతాయి. ఇప్పుడు తీయండి ఎర్రది. వెలుగు భాగం అంచున నాలుగైదు చుక్కలు చాలు, ఇవి తక్కువే ఉంటాయి. ఫాలిక్యులర్ రెగ్యులేటరీ టి కణాలు: లోపల ఫాక్స్‌పి3 అనే ప్రొటీను, పైన సీఎక్స్‌సీఆర్5 అనే గ్రాహకం. మొదటిది వాటి ఉద్యోగం, రెండోది ఈ మార్కెట్‌కి గేట్‌పాస్. సీటీఎల్ఏ-4 అనే ప్రొటీనుతో అవతలి కణాల మీద టి కణాలను ఉసిగొల్పే సీడీ80, సీడీ86లను లాగేస్తాయి, దాంతో తెల్ల కణాల జోరు తగ్గుతుంది.

పేర్లు, ఏళ్లు రెండు నిమిషాల్లో ముగించండి. రెగ్యులేటరీ టి కణాలను జపాన్ శాస్త్రవేత్త సకగుచి 1995లో చూపించారు. అమెరికా శాస్త్రవేత్తలు బ్రంకో, రామ్స్‌డెల్‌లతో కలిపి ఆయనకు నోబెల్ 2025లో వచ్చింది. ఈ ఫాలిక్యులర్ రకం 2011లో బయటపడింది.

అమ్మాయి ప్రశ్నకు జవాబు కూడా 2011 నాటి ఎలుకల ప్రయోగాల్లోనే ఉంది. మన ఎర్ర చుక్కలు, అంటే ఫాలిక్యులర్ రెగ్యులేటరీ టి కణాలు లేకపోతే సెంటర్ నిండుగానే ఉంటుంది, కానీ ఇచ్చిన యాంటిజెన్‌తో సంబంధం లేని బి కణాలు అందులో పెరిగిపోతాయి. ఖరీదుదారు చూడకుండా డబ్బులిస్తే రంగు పోయిన తాలు కాయకూ ఎర్ర మిర్చి రేటే.

చివర్లో ఎర్ర చుక్కలు డస్టర్‌తో తుడిచి, ఇప్పుడేమవుతుందో పిల్లల్నే గీయమనండి. పోయినసారి ఒకడు సున్నాను బోర్డు అంచుదాకా పెంచి, నిండా పసుపు చుక్కలు పెట్టి, పక్కన "అంత తాలే" అని రాశాడు.